కథ చెప్పేవాళ్ల చాట

చిన్నమ్మా,

ఈరోజు మనింట్లో విత్తనానికి శెనక్కాయలు ఒలిచాం. నువ్వు పోయాక ఇదే మొదటిసారి. దయ్యం కథలు చెబుతూ నీ వంతుగా నీ చాటలో పోసిన కాయలు కూడా మాచేతే ఒలిపించుకునేదానివి. నువ్వు లేవని ఒలవడానికి ఇరుగుపొరుగు ఎవరూ రారేమో అనుకుని, ఫోన్‌లో ఒక కథ పెట్టాను.

ఎంత బాగుందో! పాడుబడిన కోటలో ఉండే దయ్యం, గొర్రెలు కాసేవాణ్ణి ప్రేమించింది. దాని పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయని వాడికి తెలియదు. వాడు లాంతరు కిందికి దించాడు. సరిగ్గా అప్పుడే సబ్బు ప్రకటన వచ్చింది!

“ఏమప్పా, ఇది గూడా మీ చిన్నమ్మ మాదిరే ఈడ ఆపిందే! ఆమె నీళ్లు తాగేది, ఇది సబ్బు అమ్ముతాండాది!” అని పక్కింటి నారాయణమ్మక్క అరిచింది. అందరం పడీపడీ నవ్వాం.

ఆ పాదాలు చూసి కూడా వాడు పారిపోలేదు చిన్నమ్మా! “ఇంత దూరం నడిచొచ్చినావు, కూర్చో,” అన్నాడు. నారాయణమ్మక్క కొంగుతో కళ్లొత్తుకుంది.

కథ అయ్యాక చూస్తే ఫోన్ ముందు నీ చాట ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో నేను గమనించలేదు. అందులో కాయలన్నీ ఒలిచేసి ఉన్నాయి.