చిగుళ్ళ లోపలి చప్పుడు

భీమవరం,
జూన్ 12

ప్రియమైన దీనక్కకి,

తమ్ముడు ఆరోన్ వందనాలు.

వాట్సాప్‌లో నాలుగు ముక్కలు కొట్టి ఊరుకుంటున్నానని కోప్పడ్డావు. ఫోనులో చెబుదామంటే నీకు వినపడదు. అందుకని నీ మరదలు మెర్సీ చేత తెల్లకాగితాలు తెప్పించి కూర్చున్నాను. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపకు.

మొన్న ఆదివారం పాలకొల్లు దగ్గర ఒక పెళ్ళి ఊరేగింపు. పాట మధ్యలో పై స్థాయికి వెళ్ళేసరికి నా క్లారినెట్ కీచుమంది. ముప్ఫై అయిదేళ్ళలో అలా ఎప్పుడూ కాలేదు. క్లారినెట్‌కి ఆధారం పైవరస ముందు పళ్ళే అక్కా. మౌత్‌పీస్ వాటికి ఆనాలి, కింది పెదవి, అదిరే సన్నటి రీడ్ పలకని పట్టుకోవాలి. ఆనించిన పన్ను ముందుకి జరిగింది. నాలుకకి తెలిసింది, ఉప్పగా నెత్తురు కూడా తగిలింది.

పక్కన వాయించే ప్రసన్నకుమార్ గబుక్కున పాట అందుకున్నాడు. మిగతా దారంతా నేను క్లారినెట్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా, వేళ్ళు మాత్రం ఆడిస్తూ నడిచాను. జనానికి తెలియలేదు. మా బ్యాండువాళ్ళందరికీ తెలిసింది. అదే బాధగా ఉంది.

ఇక్కడ పళ్ళు కట్టే ఆయన ఒకాయన చూసి, "నాలుగూ ఊగుతున్నాయండి మేస్టారూ. తీసేసి ప్లేటు కట్టేస్తాను, పీడా వదిలిపోద్ది" అన్నాడు. కట్టుడు పళ్ళ ప్లేటుతో క్లారినెట్ వాయించేవాళ్ళున్నారా అంటే, అలవాటవుద్దండి అన్నాడు. శ్రావణమాసంలో పధ్నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాం. ఈ నెలాఖరుకి తీయించేద్దామనుకుంటున్నాను. ప్రార్థన చెయ్యి.

నీ తమ్ముడు,
ఆరోన్


రాజమండ్రి,
జూన్ 17

ప్రియమైన ఆరోన్‌కి,

ఉత్తరం చేరింది. తప్పులు దిద్దలేదు. అంత తీరిక లేదు.

ముందు ఆ పళ్ళ మీద ఎవరి చెయ్యీ పడనివ్వకు. పన్ను ఊగినంత మాత్రాన చెడిపోయింది పన్నే అనుకోవడానికి లేదు. పన్ను ఎముకలో దిగి ఉంటుంది, చిగురు దాన్ని చుట్టూ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు ఎందుకు వదులైందో ఆయన చూశాడా? ఎక్స్‌రే తీశాడా? పళ్ళు కట్టేవాడు కాదు, చిగుళ్ళకే ప్రత్యేకంగా చదువుకున్న డాక్టర్లుంటారు. అలాంటి వాళ్ళ దగ్గరికి వెళ్ళు.

నాకు కొన్ని సంగతులు కావాలి. నెత్తురు ఎప్పటినుంచి పడుతోంది? ఉదయం తోముకునేటప్పుడా, ఊరికే కూడానా? నోరు వాసన వస్తోందని మెర్సీ ఎప్పుడైనా అన్నదా, అనలేక ఊరుకుందా? షుగర్ చూపించుకున్నావా? సిగరెట్లు మానేశానని నాకు రెండుసార్లు రాశావు. మూడోసారి నిజం రాయి.

నీ క్లారినెట్ నేను విని పదకొండేళ్ళయింది. నేను ముందుగా రిటైరైన రోజున స్కూల్లో వాయించావు, అప్పటికే నాకు సగం వినపడలేదు. మిగతా సగం నీ బుగ్గలు చూసి ఊహించుకున్నాను. నేను వినకపోతేనేం, వినేవాళ్ళున్నారు కదా. తొందరపడకు.

ఆశీస్సులతో,
అక్క


భీమవరం,
జూన్ 28

ప్రియమైన అక్కకి, వందనాలు.

ముందు మూడోసారి నిజం: రోజుకి ఆరు సిగరెట్లు. పెళ్ళిళ్ళ రోజుల్లో పది. నెత్తురు ఏడాది పైగా పడుతోంది. వాసన సంగతి మెర్సీని అడిగితే, "మీకు చెప్తే బాధపడతారని ఊరుకున్నానండి" అంది. అక్కా, రెండేళ్ళుగా ఊరుకుందట.

నువ్వు చెప్పినట్టే చిగుళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అశ్విని గారని, చిన్న వయసే. గీతలు వేసి ఉన్న సన్నటి కడ్డీ ఒకటి చిగురుకీ పంటికీ మధ్య దించుతూ, అంకెలు చెబుతుంటే నర్సు రాసుకుంది. మూడు, నాలుగు, ఆరు, ఏడు, ఏడు.

"ఏంటండి ఆ అంకెలు?" అన్నాను.

"చిగురు పన్నుని వదిలేసి ఎంత లోతు సందు పడిందో కొలుస్తున్నానండి, మిల్లీమీటర్లలో. మూడు దాకా ఫరవాలేదు. మీ ముందు పళ్ళ దగ్గర ఏడు వచ్చింది."

ఆ సందులో గార పేరుకుని వేరుకి అంటుకుపోయిందట. బ్రష్షు అక్కడికి దిగదు, మామూలు క్లీనింగూ దిగదు. మత్తు ఇచ్చి, చిగురు కిందికి వెళ్ళి, వేరు చుట్టూ గీకి నున్నగా చెయ్యాలట. అప్పుడు చిగురు మళ్ళీ పన్నుని అంటుకునే వీలుంటుందట. కరిగిన ఎముక మాత్రం తిరిగి రాదని ముందే చెప్పేసింది. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే అంది. షుగర్ పరీక్షలో భయపడాల్సిందేమీ లేదు. సిగరెట్ల గురించి మాత్రం మెర్సీ ఎదుటే డాక్టరు గట్టిగా అడిగింది.

మెర్సీకి నమ్మకం లేదు. "మా పెద్దమ్మకి క్లీనింగ్ చేశాకే పళ్ళన్నీ ఊగిపోయాయండి" అంది. "గార సిమెంటులా పట్టి ఉంచుతుందండి, తీసేస్తే కొన్నాళ్ళు ఇంకా వదులుగా అనిపిస్తుంది. ఆ రోజులు మాత్రం ఓర్చుకోవాలి" అంది డాక్టరు.

బయల్దేరుతుంటే, "క్లారినెట్ ఎలా పట్టుకుంటారో నేను చూడాలండి. ఈసారి తీసుకురండి" అంది. పళ్ళు కట్టేవాడు ఆ మాట అడగలేదు. అందుకే సరేనన్నాను. వచ్చే నెల ఎనిమిదిన ఒక పక్క, పదిహేనున రెండో పక్క.

నీ ఆరోన్


రాజమండ్రి,
జూలై 3

ప్రియమైన ఆరోన్‌కి,

మంచి పని చేశావు. మెర్సీని కోప్పడకు, చెప్పలేకపోవడం కూడా ప్రేమేనని నేను ఒప్పుకోను గాని, భయం అయి ఉంటుంది.

అక్కడ జరిగేదంతా నాకు వివరంగా కావాలి. మత్తు ఎంతసేపుంది, గార ఏ రంగులో వచ్చింది, గీకుతుంటే నొప్పి ఎక్కడ ఆగిపోయి ఒత్తిడి ఎక్కడ మొదలైంది, అన్నీ. ఇంకొకటి. గార తీసే యంత్రం ఒకటి ఉంటుందని, అది చాలా వేగంగా అదురుతుందని పుస్తకంలో చదివాను. ఆ చప్పుడు ఎలా ఉంటుందో పుస్తకంలో లేదు. నువ్వు సంగీతం తెలిసినవాడివి, నీ చెవికి ఎలా తోచిందో రాయి. నాకెందుకని అడగకు. తెలుసుకోవాలని ఉంది, అంతే.

అక్క


భీమవరం,
జూలై 29

ప్రియమైన అక్కకి,

రెండు పక్కలూ అయ్యాయి. నువ్వడిగినవన్నీ రాస్తాను, తరవాత నా మాట రాస్తాను.

మత్తు రెండున్నర గంటలుంది. పెదవి ఉందో లేదో తెలియక కాఫీ చొక్కా మీద పోసుకున్నాను. నొప్పి లేదు, ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టుంది. గార నల్లగా, మిరియపు పలుకుల్లా వచ్చింది. యంత్రం చప్పుడు ఈల. నా క్లారినెట్ ఎక్కలేనంత పైన. అయితే ఒక వింత ఉంది. అది బయటినుంచి చెవిలోకి వచ్చినట్టు లేదు. తల లోపల పుట్టినట్టుంది. నీ కోసమే రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని చూశాను. తగ్గాల్సింది పోయి పెరిగింది! డాక్టరమ్మ నవ్వి, "ఎముక గుండా వెళ్తుందండి" అంది. చేత్తో గీకినప్పుడైతే గోడ మీద సున్నం గోకినంత చప్పుడు, పుర్రె అంతా.

ఇక నా సంగతి. రెండు వారాలైంది. పళ్ళు ఇంకా వదులయ్యాయి. చిగుళ్ళు దిగిపోయి పళ్ళ మధ్య సందులు కనిపిస్తున్నాయి. చల్లటి నీళ్ళు తాగితే ప్రాణం పోతోంది. శ్రావణంలో మొదటి పెళ్ళికి ప్రసన్నకుమారే ముందు నిలబడ్డాడు. నేను తాళాలు పట్టుకున్నాను. వాడు బాగా వాయించాడు, అందరూ మెచ్చుకున్నారు.

నీ మాట వినకుండా ప్లేటు కట్టించుకుంటే ఈపాటికి ఎలాగోలా ఊదుతూ ఉండేవాణ్ణి. నీకేం అక్కా, చెవులు పోయాక పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నావు. చేతిలో వాద్యం ఉండి ఊదలేకపోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదు.

ఆరోన్


భీమవరం,
సెప్టెంబర్ 21

ప్రియమైన అక్కకి, నీ తమ్ముడి వందనాలు.

క్షమించమని ఆగస్టులో ఒక ఉత్తరం రాశాను. జవాబు లేదు. మెసేజ్ పెడితే "క్షేమం" అన్న ఒక్క మాట. నువ్వు ఒక్క మాటతో ఊరుకున్నావంటే ఎంత నొచ్చుకున్నావో నాకు తెలుసు. ఆ ఆఖరి వాక్యాలు రాసింది నేనే. మత్తు మీద, నొప్పి మీద తోసెయ్యను.

నీకు చెప్పాల్సిన సంగతి ఉంది కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. మొన్న తిరిగి కొలిచారు. ఏడు ఉన్నచోట నాలుగు. ఒక్కచోట అయిదు. నెత్తురు లేదు. వెనక దవడపన్ను ఒకటి నిలవలేదు, తీసేశారు. ముందు నాలుగింటికీ వెనక వైపున సన్నటి తీగ అతికించి ఒకదానికొకటి తోడు చేశారు. సిగరెట్ మానేసి యాభై రెండు రోజులు. మెర్సీ సాక్షి.

క్లారినెట్ పట్టుకెళ్ళాను. మౌత్‌పీస్ మీద పన్ను ఆనేచోట చిన్న రబ్బరు ముక్క అతికించుకోమని డాక్టరమ్మ చెప్పింది. పంటి మీద తన వేలు పెట్టి, "ఇప్పుడు ఊదండి" అంది. కింది స్థాయిలో మొదలుపెట్టాను. వేలు తియ్యలేదు. "పైకి వెళ్ళండి" అంది. భయం వేసింది. వెళ్ళాను. నిలబడింది అక్కా. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి చూశారు.

గంటల తరబడి వాయించలేను. ఊరేగింపులో సగం నాది, సగం ప్రసన్నకుమార్‌ది అని పంచుకున్నాం. వాడికీ బాగానే ఉంది. మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

పళ్ళు నువ్వు నిలబెట్టినవే. కోపం పోయాకే రాయి. కానీ రాయి.

నీ ఆరోన్


రాజమండ్రి,
అక్టోబర్ 4

ప్రియమైన నా తమ్ముడు ఆరోన్‌కి,

కోపం రాలేదని అబద్ధం చెప్పను. అయితే అది మర్నాటికి గాని రాలేదు. ఆ రాత్రంతా నీ జూలై ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. చెవులు మూసుకుంటే చప్పుడు పెరిగిందన్నావే, అక్కడ.

ముందు నా మూడోసారి నిజం కూడా విను. రెండేళ్ళుగా నాకూ నెత్తురు పడుతోంది. నీకు అన్ని పాఠాలు చెప్పిన నేను కుర్చీలో కూర్చోవడానికి భయపడి, నిన్ను ముందు పంపాను. నీ చేత ప్రతి వివరం రాయించుకున్నది అందుకే. అది చెప్పకుండా దాచినందుకు నువ్వే నన్ను క్షమించాలి.

ఆగస్టు రెండో వారంలో ఇక్కడ సుధాకర్ గారనే చిగుళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మాస్కు పెట్టుకుంటే పెదాలు కనిపించవు, అందుకని చెప్పాల్సినవన్నీ చీటీ మీద రాశారు. నాకు కూడా ఆరు, ఏడు. మత్తు ఇచ్చారు. యంత్రం పంటికి ఆనించారు.

తల లోపల ఈల వేసింది.

నేను ఆయన మణికట్టు పట్టేసుకున్నాను. నొప్పేమోనని ఆయన కంగారుగా తీసేశారు. ఈల ఆగిపోయింది. "మళ్ళీ పెట్టండి" అన్నాను. పెట్టారు. మళ్ళీ ఈల. తియ్యమన్నాను, లేదు. పెట్టమన్నాను, ఉంది. అలా నాలుగుసార్లు. ఆయన మాస్కు దించి, "ఏంటి మేడమ్, ఏమవుతోంది?" అని అడిగారు. "వినపడుతోందండి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. పదకొండేళ్ళుగా నాకేమీ వినపడదని, ఈ ఈల మాత్రం వినపడుతోందని చీటీ మీద రాసి ఇచ్చాను. అది చదువుకుని, ఇంకో చీటీ మీద చెవి డాక్టరు పేరు రాశారు. "పళ్ళు తరవాత చూద్దాం, ముందు అక్కడికి వెళ్ళండి" అన్నారు. పళ్ళు కూడా ఇప్పుడే చూడమని కూర్చున్నాను. నాకు ఆ చప్పుడు ఇంకాసేపు కావాలి.

చెవి డాక్టరు ఒక శృతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్కు, మోగించి చెవి ముందు పెట్టారు. ఏమీ లేదు. దాని కాడని చెవి వెనక ఎముక మీద ఆనించారు. ఉంది. ఆరోన్, ఈ పరీక్ష నేను తొమ్మిదో తరగతి పిల్లలకి బల్ల మీద చేసి చూపించేదాన్ని. నా తల మీద పెట్టి చూసుకోవాలని ఒక్కసారీ తోచలేదు. నా మాట నాకు లోపల వినిపిస్తూనే ఉండేది. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు కదా, గుర్తుండిపోయింది అనుకున్నాను. మొదట్లో ఒక చెవి మిషన్ కొని పెట్టుకుంటే, అది కీచుమంటోందని క్లాసులో పిల్లలు నవ్వారు. దాన్ని బీరువాలో పడేసి, నరాలు చచ్చిపోయాయని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఏ డాక్టరూ ఆ మాట అనలేదు. నేనే అన్నాను.

చెవి లోపల ఉండే చిన్న ఎముక బిగుసుకుపోయిందట. నరం కొంత తగ్గింది గాని బతికే ఉందట. ఆపరేషన్ కూడా ఉంది, నేను ముందు మిషన్ చాలన్నాను. ఇది చెవిలో పెట్టేది కాదు, పట్టీతో ఎముక మీద ఆనించేది. పరీక్షలూ, స్కానూ, తిరగడాలూ అయ్యేసరికి సెప్టెంబర్ గడిచింది. నీకు రాయకపోవడానికి కారణం కోపం కాదు. ఏమీ లేదని తేలితే, నువ్వు నా కోసం రెండోసారి బాధపడతావని.

మొన్న బుధవారం ఆ మిషన్ తగిలించి చూశారు. అక్కడ పనిచేసే అమ్మాయి తన పెదాలు నాకు కనిపించకుండా నా వీపు వెనక నిలబడింది.

"పెద్దమ్మగారూ, వినపడుతుందాండి?"

"నీ పేరేంటమ్మా?" అన్నాను.

"లోవలక్ష్మండి."

"తుని వైపు వాళ్ళా?"

"అవునండి! మీకెలా తెలుసండి?"

"లోవ అమ్మవారు తుని దగ్గరే కదమ్మా, ఆ పేరు అటువైపే పెడతారు" అన్నాను. వెనక్కి తిరగకుండానే మాట్లాడుకున్నాం. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకున్నట్టు. తరవాత నేను కళ్ళద్దాల పెట్టె వెతుక్కుంటున్నట్టు సంచిలోకి మొహం వంచేశాను. ఆ అమ్మాయి పాపం పెట్టె నా పక్కనే ఉందని చెప్పింది.

మాటలన్నీ తేటగా లేవు. ఫ్యాను చప్పుడు ఇంత పెద్దదని నాకు గుర్తు లేదు. గోదావరి బ్రిడ్జి మీద రైలు వెళ్తుంటే కొత్తగా బెదురుతానేమో. అలవాటు కావాలన్నారు.

నా మిషన్ తొమ్మిదిన వస్తుంది. పదకొండున పొద్దున బస్సెక్కి భీమవరం వస్తాను. బస్టాండుకి రా. క్లారినెట్ తేవద్దు, అది సాయంత్రం వింటాను. ముందు నువ్వు మాట్లాడు. పదకొండేళ్ళలో నీ గొంతు ఎలా మారిందో నాకు తెలియదు.

నీ అక్క,
దీనమ్మ