లేని జ్వరం

ఆదివారం, రాత్రి

వీపు మంచానికి ఆనడం లేదు. పగలంతా అప్పలరాజుగాడి పడవలో, భోగాపురం అవతల ఉప్పుటేరులో, చొక్కాలు విప్పేసి గాలాలు వేసుకుంటూ కూర్చున్నాం కదా, ఒళ్ళంతా ఎండకి కమిలిపోయింది. మిత్రులందరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. అదీ నిజమే.

ఇవాళ చర్చిలో వాక్యం చదవాల్సింది నేను. జ్వరమని పొద్దున్నే పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పేశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా చర్చి పెద్దావిడ ఎస్తేరత్త జావ గిన్నెతో గుమ్మంలో కూర్చుని ఉంది. నా కోసం అందరిచేతా ప్రార్థన చేయించి, ఆ మోకాళ్ళ నొప్పులతోనే నడిచొచ్చిందట. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళానని సునీత ఆవిడకి చెప్పింది. పెళ్ళాం చేత కూడా అబద్ధమాడించాను.

అత్త నా మెడ మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది. "ఒళ్ళు కాలిపోతన్నాది నాయినా! నీకు తగ్గేదాకా నాను మెతుకు ముట్టను" అంది. నేను జావ గిన్నె అందుకున్నాను. పట్టిన చేపలు బండి డిక్కీలోనే ఉన్నాయి.

సునీత నా మొహం చూడకుండా అన్నం పెట్టింది. ముద్ద దిగితేనా? అత్త సుగరున్న మనిషి, అక్కడ పస్తు. ఉండబట్టలేక ఫోన్ చేశాను. "తగ్గిపోనాది అత్తా, నువ్వు తినేయి" అన్నాను.

"ప్రభువుకి స్తోత్రం!" అని ఏడ్చేసింది. "ఒక్క పూటలో తగ్గించేసినాడు సూడు! వచ్చే ఆదివారం లేచి నిలబడి, దేవుడు నిన్నెలాగ బాగుసేసినాడో అందరికీ సాక్ష్యం సెప్పాల. మర్సిపోకు."

సరే అన్నాను.