‘మానవ తప్పిదం’ అన్న నా మాటను వెనక్కి తీసుకుంటూ

బల్గేరియా దేశం, గోర్నా లిపా పట్టణ నివాసి, కీర్తిశేషులు పావెల్ రూసెవ్ గారి కుమార్తె, డెబ్బై మూడేళ్ల ఇస్క్రా రూసెవా అను నేను, గుండె బలహీనపడినా బుద్ధి నిలకడగా ఉన్నందున, ఎవరి ఒత్తిడీ లేకుండా వ్రాయించిన వీలునామా ఇది. డాక్టరు ధ్రువపత్రం జతపరిచాను. ఇందులోని మాటలను ఎవరూ దిద్దలేదు. బెల్ పొతోక్ పాల కర్మాగారానికి ఇరవై ఏళ్లు పత్రికా ప్రతినిధిగా ఉండి నేను వ్రాసిన ఏ ప్రకటన గురించీ ఈ మాట చెప్పలేను.

1. ఇంతకు మునుపటి నా వీలునామాలన్నీ రద్దు.

2. నేను నివసించే మూడో అంతస్తు ఇల్లు, సామానుతో సహా, నా తదనంతరం మేనకోడలు ఎలిత్సాకు సర్వహక్కులతో చెందవలెను. ఎలిత్సా, వంటింటి కిటికీ రెక్క వానాకాలం ఉబ్బుతుంది, గట్టిగా లాగకు. నా పుట్టినరోజున బనిత్సా రొట్టె చేసుకుని వచ్చేది నువ్వొక్కతెవే. ప్రతిసారీ ఉప్పు ఎక్కువైందనేదాన్ని. ఎన్నడూ ఎక్కువ కాలేదు. ఈ వీలునామాకు అమలుకర్తవు కూడా నువ్వే.

3. నా దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు సోఫియాలో విద్యార్థులకు పాఠాలు చెబుతున్న బోయన్‌కు, నీలం అట్టలోని ఒక కాగితం ఇవ్వవలెను. 1998 మే నెలలో మా పెరుగు తిని శిశువిహారంలో పందొమ్మిది మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. అప్పుడు నేను వ్రాసిన క్షమాపణను బోయన్ ఏటా ఆదర్శమని బోధిస్తాడు. అతనికివ్వమన్నది దాని మొదటి చిత్తు ప్రతి. అందులో ఈ వాక్యం ఉంది: ‘పాలు కాచే యంత్రం సరిగా కాచడం లేదని మా పరీక్షకురాలు మినా గోర్చెవా మూడుసార్లు వ్రాసి ఇచ్చింది, మేము యంత్రాన్ని ఆపలేదు.’

దాని మీద ఆకుపచ్చ సిరాతో అడ్డగీత ఉంటుంది. గీసినవాడు మా డైరెక్టరు వెల్చో. “ఇది క్షమాపణా ఇస్క్రా? మనకు మనమే ఉరి బిగించుకోవడం! పొరపాటు జరిగిందని రాయి చాలు. ఎవరు చేశారో ఊరికెందుకు?” అన్నాడు.

నేను ‘ప్రయోగశాలలో జరిగిన ఒక మానవ తప్పిదం’ అని వ్రాశాను. ప్రయోగశాలలో ఉన్న మనిషి ఒక్కతే. పేరు వ్రాయలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మర్నాటికి ఊరంతటికీ ఆ పేరు తెలుసు. వారంలో మినా ఉద్యోగం ఊడింది. రొట్టెల దుకాణంలో ఆమె వరుసలో నిలబడితే ఆడవాళ్లు పక్కకు జరిగేవారు. తర్వాత ఆమె ఏ పాల కర్మాగారంలోనూ పని దొరక్క, ఇరవై రెండేళ్లు టమాటా తోటల్లో కూలి చేసింది. ఆ క్షమాపణకు నాకు బహుమతి వచ్చింది.

బోయన్, రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చెప్పు.

4. వెల్చో పోయి ఎనిమిదేళ్లయింది. అతని వారసులకు నా నుంచి ఏమీ లేదు. నేరమంతా అతని మీదకు నెట్టే ఉద్దేశమూ లేదు. కొట్టివేసింది అతను, శుద్ధప్రతి వ్రాసింది నేను.

5. ఆసుపత్రి పాలైన ఆ పిల్లల్లో సియానాకు మూత్రపిండాలు పూర్తిగా కోలుకోలేదు. ఇప్పుడు ఆమెకు ముప్పై ఒక్క ఏళ్లు, గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఊరి చివర నా తోట, అందులోని ఒంటిగది ఇల్లు, చెర్రీ చెట్లతో సహా ఆమెకు చెందవలెను. ఇది పరిహారం కాదు. కృతజ్ఞత చెప్పనక్కర లేదు. ఇష్టం లేకపోతే అమ్ముకోవచ్చు.

6. మినాకు ఏమి ఇవ్వాలో నాకు తెలియలేదు. నిరుడు వసంతంలో రెండు పేజీల క్షమాపణ వ్రాసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే ఆపింది. “కాగితం సంచిలో పెట్టుకో. నోటితో చెప్పు,” అంది. “జరిగిన దానికి చింతిస్తున్నాను,” అన్నాను. “జరిగిందా? వాన పడ్డట్టు దానంతటదే జరిగిందా? ఎవరు చేశారమ్మా?” అంది. “పొరపాటు జరిగింది,” అన్నాను. ఇరవై ఏళ్లు కర్త లేని వాక్యాలు అల్లిన నోరు అది. తలుపు వేసేసింది.

మరో రెండుసార్లు వెళ్లి అలాగే తిరిగి వచ్చాను. నాలుగోసారి, ఆమె మిరపకాయలు కాలుస్తుండగా పెరట్లో నిలబడి, “నువ్వు మూడుసార్లు చెప్పావని నాకు తెలుసు. తెలిసే తప్పు నీ మీద వేశాను. నా ఉద్యోగం పోతుందని భయపడి వేశాను,” అన్నాను. ఆమె మిరపకాయలు తిప్పింది. క్షమించానని అనలేదు. కూర్చోమని మాత్రం అంది.

నా తదనంతరం ఏదైనా తీసుకోమని అడిగాను. “నాకేం వద్దు. పోయాక నువ్వు మంచిదానివని నలుగురూ అనుకోడానికి నన్ను వాడుకోకు,” అంది.

7. పై మాటలను నేను పోయాక పట్టణ పత్రికలో వేయించాలని మొదట అనుకున్నాను. అది విని మినా నవ్వింది. “చచ్చాక నిన్నెవరు నిలదీస్తారు? ఊరు నన్నడిగినప్పుడు నేను బతికే ఉన్నానే!” అంది. కనుక ఆ ఏర్పాటు రద్దు. నేను బతికుండగానే, నా సంతకంతో ఆ మాటలు వచ్చే సోమవారం సంచికలో వస్తాయి. కర్మాగారం వారు దావా వేస్తే నేనే జవాబు చెబుతాను. ఫోను ఎత్తుతాను.

8. ఈ వీలునామాకు సాక్షిగా ఉంటావా అని మినాను అడిగాను. ఆస్తి పొందేవారి సాక్ష్యం చెల్లదని నోటరీ గారు చెప్పారు. “మంచిదే, నాకు ఆస్తి లేదుగా,” అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. నోటరీ గారు అప్పటిదాకా వ్రాసినదంతా మొదటి నుంచి బిగ్గరగా చదివారు. మూడో క్లాజు దగ్గర ఆమె ఆపమంది. తన పేరున్న ఆ వాక్యం మళ్లీ చదివించుకుంది.

ఇది చదివించుకుని, విని, నా మాటలేనని ఒప్పుకుని చేవ్రాలు చేశాను.

గోర్నా లిపా, 2024 అక్టోబరు 11, శుక్రవారం.

(సంతకం) ఇస్క్రా పావ్లోవా రూసెవా

సాక్షులు:
1. నెదా స్తంచెవా, వృత్తి: నోటరీ కార్యాలయ గుమాస్తా.
2. మినా గోర్చెవా, వృత్తి (సాక్షి స్వదస్తూరీతో): పాల పరీక్షకురాలు.