నువ్వు పాతిన హద్దు

నాయనమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గోదారి పాత ఊరిని కోసేస్తే నువ్వూ తాతా పడవెక్కి ఈ లంకకొచ్చి, రెల్లు కొట్టి, ఇసుకమేటను పొలం చేశారు. హద్దు వెంట నువ్వు తాటి టెంకలు పాతావు. ఆ చెట్లు పీకడానికి ఇసుక కాంట్రాక్టరు ఇవాళ నేను నడిపే పొక్లెయిన్‌నే పంపాడు.

“ఇది మా పొలమండి,” అన్నాను.

“కాగితముందేంటి?” అన్నాడు అతని గుమస్తా.

“ఆ తాటిచెట్లేనండి కాగితం. మా నాయనమ్మ పాతింది.”

“తాడిచెట్టు సంతకం పెడుతుందేంట్రా? ఊఁ, కానీ, పీకెయ్!”

ఒళ్ళు మండింది. ఇసుక లారీల కోసం ఏటికడ్డంగా లంకకు వేసిన ఒకే ఒక్క బాటకు పొక్లెయిన్ అడ్డంగా పెట్టి, తాళం జేబులో వేసుకుని పైనే కూర్చున్నాను. ఇది కదిలితేనే ఇంకో బండి వచ్చేది. అదిగో, కాంట్రాక్టరు మనుషులు నలుగురు వస్తున్నారు.

మొదటి వరదకు అందరూ గట్టుకు పారిపోతే నువ్వొక్కదానివే మంచె దిగలేదట. నేనూ దిగను.