పసుపు గండిలో ఎర్ర రాళ్ళు

చిరంజీవి సువేలింకు అమ్మ దీవించి చెప్పి రాయించేది. ఇక్కడ నేనూ, నీ చెల్లెలు హమ్దా, పదహారు మేకలూ దేవుడి చలవ వల్ల బాగానే ఉన్నాం. అక్కడ సూయెజ్‌లో నువ్వూ నీ నీళ్ళ ట్యాంకరూ క్షేమమని తలుస్తాను. నాకు అక్షరం రాదు, హమ్దా రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలనీ, మెత్తన చేసి రాస్తే ముప్పై ఏళ్ళదని కూడా చూడకుండా చెవి మెలిపెడతాననీ ముందే చెప్పాను.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోను పలకాలంటే మిట్ట ఎక్కాలి. ఎక్కి చేసినా, నచ్చని మాట రాగానే నువ్వు కట్ చేస్తావు. కాగితాన్ని చించినా చదివాకే చించుతావు.

నువ్వడిగిన వాటికి జవాబులు చెబుతాను. వాన పడింది, ఒక్క పూటే, అయినా వాగు పారింది. నల్లమేక బతికే ఉంది. ఒక కొమ్ము విరిగింది, పొగరు విరగలేదు. "ఈ వయసులో రంగుల కొండ ఎక్కావని పిండి లారీవాడు చెప్పాడు, మతి పోయిందా?" అని రాశావు. మతి పోలేదు. ఎక్కిన మాట నిజం.

మొన్న మన తెగ పెద్ద షేక్ హుమైద్ మన గుడారంలో కూర్చుని, నా టీ మూడు గ్లాసులు తాగి, రంగుల కొండను మళ్ళీ ఎక్కడానికి వచ్చే అతిథులకు తెరుస్తామన్నాడు. పదకొండేళ్ళయింది కదా మూసి. దారి ఎవరు చూపుతారని అడిగాను.

"ఎవరైనా చూపుతారు. నీ కొడుకు తప్ప," అన్నాడు.

"నా కొడుక్కేం?" అన్నాను.

"నీ కొడుక్కి దారి పట్టే కళ్ళు లేవమ్మా," అన్నాడు. నాలుగో గ్లాసు నేను పొయ్యలేదు.

మర్నాడు తెల్లవారుతూనే హమ్దాను లేపాను. ఊదారంగు చరియ దాకా ఇది నోరు మూసుకునే నడిచింది. అక్కడ చెప్పులు విప్పి నడుముకు కట్టుకున్నాం. ఆపైన చేతులు కూడా కాళ్ళే కదా. తెల్లరాతి పలక మీద పాకుతుంటే వెనకనుంచి మొదలుపెట్టింది.

"అమ్మా, కిందికి చూడకు."

"చూడకపోతే కాలెక్కడ పెట్టానో నాకెట్లా తెలుస్తుందే?"

"నేను చెబుతాగా."

"నువ్వు పుట్టకముందే ఈ రాయి నా అరికాలు ఎరుగును. నీ కాలు చూసుకో."

ఆ నిలువు పగులు గుర్తుందా, ఒక గోడకు వీపు ఆనించి, ఎదుటి గోడను పాదాలతో తన్నిపట్టి పైకి జరగాలి? మీ ఇద్దరికీ అక్కడ ఎక్కడం నేర్పింది నేనే. ఈసారి సగంలో నా మోకాళ్ళు మొరాయించాయి. నీ చెల్లెలు పైనుంచి నన్ను పిండి బస్తాలాగా లాగింది. బస్తా అయితే తిట్టదని కూడా అంది.

అలా రెండు గండ్ల దగ్గరికి చేరాం. ఎడమన ఎర్ర గండి, కుడిన పసుపు గండి. ఎర్రది శిఖరానికి పోతుంది, రాయి గట్టిది. పసుపుది పట్టుకుంటే పిండిలా రాలుతుంది, చివర కొండ తెగిపోయి ఉంటుంది. నీకు చెప్పక్కర్లేదు. పదకొండేళ్ళ కింద, అతిథిగా వచ్చిన ఆ కైరో పంతులమ్మను నువ్వు తీసుకుపోయింది పసుపు దాంట్లోకే. ఆవిడ చేతికింద రాయి రాలి పడిపోయింది, తుంటి విరిగింది. నువ్వు ఆవిణ్ణి వీపున కట్టుకుని దింపుకొచ్చావు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తోందట.

ఆ రోజు తెగ పెద్దల ముందు నువ్వేం చెప్పావో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. నేను గుడారం తెర వెనకే ఉన్నాను. "నా మనసు ఎర్ర గండి అంది. దారి చూపే గుర్తురాళ్ళు పసుపు గండిలో ఉన్నాయి. నేను రాళ్ళనే నమ్మాను," అన్నావు. మనవాళ్ళలో గుర్తురాయిని కదిపేవాడు పుట్టలేదు, పుట్టడు, రాళ్ళు నడిచి వెళ్ళాయా అన్నాడు హుమైద్. "అక్కడి రాళ్ళు ఎర్రగా ఉన్నాయి, పోయి చూడండి," అన్నావు నువ్వు. అందరూ నవ్వారు. పొద్దువాలితే ఏ రాయైనా ఎర్రగానే కనబడుతుందన్నారు. ఎవరూ పోయి చూడలేదు. మీ నాన్న ఫరాజ్ మాత్రం నవ్వలేదు. లేచి నీ వైపు చూడకుండా బయటికి పోయాడు.

పోయి చూశాం బాబూ. మూడు గుర్తురాళ్ళ పేర్పులూ అట్లాగే ఉన్నాయి. పసుపు గండిలో, పసుపు రాయి మధ్య, ఎర్రరాళ్ళు.

హమ్దా ఏడ్చింది. "అన్న అన్నది నిజమే. ఎవరు పెట్టారమ్మా?" అంది. నేను నీళ్ళడిగాను. తాగాను. ఆ జవాబు ఇప్పుడు చెబుతాను, రాయవే.

నేను పెట్టాను.

ఇక్కడ నీ చెల్లెలు కలం కింద పెట్టి బయటికి పోయింది. చాలాసేపటికి వచ్చింది. నా ముఖం చూడకుండా రాస్తోంది. రాయనీ.

శిఖరం కింద రాతి తొట్టిలో వాననీళ్ళు వేసవి దాకా నిలుస్తాయి, నా మేకలకు ఆధారం అవే. ఆ ఏడు అతిథులు దాంట్లో సబ్బుతో కాళ్ళు కడిగారు. రెండు ఈనే మేకలు కడుపుబ్బి చచ్చాయి. మీ నాన్నతో చెబితే, అతిథితో తగువేమిటన్నాడు. నాకు మండింది. ఎర్ర గండిలో మూడు పేర్పులు విప్పి, తలగుడ్డలో మూటగట్టి, పసుపు గండిలోకి మోశాను. అక్కడి రాయి పేరిస్తే నిలవదు, అందుకే ఎర్రవి. దారి తెగిందని చూసి వెనక్కి పోతారులే అనుకున్నాను. నువ్వు ఆ వారం ఇంకో కొండకు పోవాల్సినవాడివి. పంతులమ్మ ఈ కొండే చూస్తానందని, నువ్వు ఒప్పుకున్నావని నాకు తెలియదు. ఇంతవరకూ నా తరఫున చెప్పుకోగలను. ఇకమీద చెప్పుకోలేను.

కన్నూ రాయీ వేరేగా చెబితే రాయినే నమ్మమని నీకు చిన్నప్పుడు నేర్పింది ఎవరు? నేను. నువ్వు నా మాట విన్నావు. అంతే నువ్వు చేసిన తప్పు.

ఆ రోజే తెర ఎత్తి చెప్పాల్సింది. ఆ కొండ మనవాళ్ళు మీ నాన్న చేతిలో పెట్టినది, ఇంటి ఆడది రాయి కదిపితే జవాబుదారీ ఆయనే. ముసలాయన విరిగిపోతాడు, కుర్రవాడు అతుక్కుంటాడు అనుకున్నాను. నువ్వు అతుక్కోలేదు, ఈ లోయ వదిలి పోయావు. ఆయనా మిగల్లేదు. నాలుగేళ్ళ కింద, చివరి రోజున, "వాడి కళ్ళు ఎందుకు తప్పాయంటావు?" అని అడిగాడు. నేను ఆయన నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తున్నాను. పోస్తూనే ఉన్నాను. నువ్వు సమాధి దగ్గర అందరికీ వెనక నిలబడ్డావు. నిన్ను ముందుకు రమ్మనే నోరు నాకే ఉంది, తెరవలేదు.

శుక్రవారం పెద్దల దగ్గరికి పోతున్నాను. కొడుకు కోసం అబద్ధమాడుతున్నానంటారు. అందుకే రెండు పేర్పులు కదపకుండా వదిలి వచ్చాను. హుమైద్‌ను పైకి రమ్మంటాను, కాళ్ళు వణికితే నా కొంగు పట్టుకోమంటాను. మూడో పేర్పు విప్పాను. దాని పైరాయి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పగటి వెలుతురులో చూడు. ఎర్రదే.

రమ్మని అడగను. అడిగే హక్కు ఆ గండిలోనే పారేసుకున్నాను. ఒక్క సంగతి మాత్రం. మన ఆచారం ప్రకారం ఈ లోయలో నన్ను ఎవరూ నా పేరు పెట్టి పిలవరు, నీ పేరుతోనే పిలుస్తారు. పదకొండేళ్ళుగా ప్రతి పిలుపుకీ పలుకుతూనే ఉన్నాను. ఇక నువ్వు వద్దంటే పలకను. కింద నా వేలిముద్ర పక్కన ఆ పేరే రాయమన్నాను, ఉంచుతావో కొట్టేస్తావో నీ చేతిలో ఉంది.

ఇట్లు,
సువేలిం తల్లి