మసక చేపలు

శనివారం రాత్రి

మా ఆవిడ రూత్ వాడిన కెమెరా ఇచ్చేసి కొత్తది తీసుకుందామని ఈరోజు దుకాణానికి వెళ్ళాను. నడుం లోతు నీళ్ళలో నిలబడి ఈకలతో పురుగులా కట్టిన గాలం విసురుతూ ఒక్కణ్ణే ఫొటోలు తీసుకోవాలంటే ఛాతీకి తగిలించుకునే చిన్న కెమెరా కావాలి. ఇదివరకు గట్టు మీద నిలబడి ఆమే తీసేది. ఆమె పోయి ఎనిమిది నెలలు.

స్నేహితుడు సలీం తోడు వచ్చాడు. "గీ చిన్నది తీస్కో భాయ్. నీళ్ళల్ల పడ్డా పరేషాన్ లేదు," అన్నాడు.

దుకాణదారు పాత కెమెరాలోని ఫొటోలు చూశాడు. అన్నింట్లో నేనే, చేతుల్లో మసగ్గా చేప. తీసింది మా ఆవిడని, లెన్స్ పాడైందని నేనే చెప్పాను.

"లెన్స్ మంచిగనే ఉంది సార్. మేడం ప్రతిసారి మీ మొహం మీద ఫోకస్ పెట్టిన్రు. మీరేమో చేపను ముందుకు చాపిన్రు. అందుకే మసక."

చేప పెద్దగా కనబడాలని అలా చాపేవాణ్ణి.

సలీం నవ్వాడు. "ఏందీ భాయ్, నువ్వు గంత పెద్దగ చూపెట్టినా భాభీ చేప దిక్కే చూడలే!"

"చేప మీద పెట్టు, త్వరగా, దాన్ని నీళ్ళలో వదిలెయ్యాలి" అని ఎన్నేళ్ళు విసుక్కున్నానో. సరే అనేది. మళ్ళీ అదే ఫొటో.

పాత కెమెరా ఇవ్వకుండా ఇంటికి తెచ్చేశాను. వచ్చే వారం గట్టు మీద నిలబడి తానే తీస్తానన్నాడు సలీం.

చేప మీదే పెట్టమన్నాను.