బోటు దిగని శాంత

బతు బస్తీ,
6 జనవరి 2005

ప్రియమైన శాంతా,

నువ్వు హట్ బే శిబిరంలో క్షేమంగా ఉన్నావని బోటు ఖలాసీ దానయ్య చెప్పాకే అన్నం సహించింది. సునామీ తర్వాత మీ దీవికి వచ్చే బోట్లలో సహాయ సిబ్బందిని తప్ప ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. కనీసం నిన్ను ఇటు పంపమని తెలిసిన ఆఫీసర్లందరి కాళ్లూ పట్టుకున్నాను. రోజూ ఫీనిక్స్ బే రేవులో నిలబడుతున్నాను. బోటు వస్తుంది, నువ్వు దిగవు. "ఊరందరికీ టికెట్లిప్పించినోడివి, పెళ్లాన్ని రప్పించుకోలేవేట్రా?" అని అమ్మ ఒకటే పోరు. నిజమే, నా పలుకుబడి కాణీకి కొరగాకుండా పోయింది.

నిద్ర పట్టని,
నీ ఫణి

హట్ బే,
11 జనవరి

ప్రియమైన శ్రీవారికి,

బాగానే ఉన్నాను. భూమి ఇంకా అప్పుడప్పుడూ కదులుతోంది. ఈ ఉక్కలో మాకు ఉన్ని స్వెట్టర్లు పంచారు, తలకింద పెట్టుకుంటున్నాం. పక్క గుడారంలో బుల్లమ్మ ఉంది. కొడుకు ఇక్కడి బళ్లో నేను పాఠం చెప్పే క్లాసే. సునామీ వచ్చిన ఆదివారం తండ్రి వెంట చేపల వేటకు వెళ్లాడు, ఇద్దరూ రాలేదు. ఆమె మాట్లాడదు, ఏడవదు. మీరు ఎండలో నిలబడకండి. అత్తయ్యగారి మాటలు పట్టించుకోకండి.

మీ ఆరోగ్యం గురించే బెంగతో,
శాంత

బతు బస్తీ,
17 జనవరి

శాంతా,

నిన్న రేవులో ఆఫీసరు, "బోటెక్కమని మీ ఆవిడ పేరు పిలిచారు భయ్యా, కసమ్‌సే, ఒట్టు!" అన్నాడు. అబద్ధాలకోరువన్నాను. గేటు బయటికి గెంటించాడు. దానయ్యను నిలదీస్తే తాడు చుట్టుకుంటూ మొహం తిప్పేశాడు, నానా తిట్లూ తిట్టాను. నీకేదో అయింది, అందరూ దాస్తున్నారు. భార్యను తెచ్చుకోలేనివాడు ఉండి ఏం లాభం? ఒక్క ముక్క నిజం రాయి.

ఫణి

హట్ బే,
21 జనవరి

ప్రియమైన మీకు,

నాకేమీ కాలేదు. ఆఫీసరు అబద్ధమాడలేదు. ప్రతి బోటుకూ నా పేరు పిలిచారు. నేనే పలకలేదు, నా చోటు వేరేవాళ్లకిచ్చాను. దానయ్య చేత ఒట్టు వేయించాను, పాపం అతన్ని తిట్టకండి.

మీ పలుకుబడి బాగానే పనిచేసింది. పనికిరానిది నేనే. మొదటి బోటు నాడు సంచి సర్దుకుని లేచాను. బుల్లమ్మ నా కొంగు పట్టుకుంది, విడిపించుకోలేకపోయాను. ఆమె కొడుకును తేలేను, ఆమెను ఏడిపించనైనా లేను. ఇక్కడ ఏం సాధిస్తున్నావంటే చెప్పలేను. పక్కన కూర్చుంటాను, అంతే. నిజం రాస్తే నన్ను లాక్కెళ్లడానికి మీరు ఇంకో పెద్దమనిషిని పట్టుకుంటారని భయపడ్డాను.

వచ్చే వారం అందరినీ ఎక్కనిస్తారట. రండి. మిమ్మల్ని చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ నన్ను తీసుకెళ్లడానికైతే రాకండి. ఏమీ చేయకుండా ఒకరి పక్కన కూర్చోవడం మీకు బొత్తిగా చేతకాదు, నేర్పుతాను. బుల్లమ్మకు రెండో పక్క ఖాళీగానే ఉంది.

ఎదురుచూస్తూ,
మీ శాంత